ఎనిమిదో లెక్క

పుష్ప్ విహార్ సర్కారీ క్వార్టర్లలో, రెండో అంతస్తులో, వరప్రసాద్ ఇల్లు చాలా పద్ధతిగా ఉంటుంది. హాల్లో గోడకు వెంకన్న క్యాలెండరు వేలాడుతుంది. ఏటా డిసెంబరు చివర ఆఫీసులో ఎవరో ఒకరు పంచిపెడతారు, ఆయన నలక్కుండా చుట్టి తెచ్చి తగిలిస్తాడు. లోపలి గదిలో, తల్లి మంచానికి పైన, ఒక చెక్క సిలువ ఉంటుంది. బయటివాళ్ళు ఎవరైనా వస్తే ఆ గది తలుపు దగ్గరగా వేస్తారు. వేయమని ఎవరూ ఎవరికీ చెప్పరు. గంట మోగగానే ఒకరు వీధి తలుపు వైపు నడుస్తారు, ఇంకొకరు గది తలుపు వైపు నడుస్తారు.

దీని వెనక పెద్ద కుట్రేమీ లేదు. వరప్రసాద్ ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరు. ఇరవై నాలుగేళ్ళ కింద ఆ కొలువు షెడ్యూల్డు కులాల కోటాలో వచ్చింది. సర్టిఫికెట్‌లో కులం పేరుకు ముందు హిందూ అని ఉంది. ఉండి తీరాలి కూడా. హిందువైనా, సిక్కైనా, బౌద్ధుడైనా ఆ కాగితం చెల్లుతుంది, క్రైస్తవుడైతే చెల్లదు. ఇక వరప్రసాద్ వాళ్ళ సంగతంటారా, బాపట్ల దగ్గర ఊరికి తూర్పున విడిగా ఉండే వాళ్ళ పల్లె మొత్తం ఆయన ముత్తాత కాలంలోనే కాలవలో మునిగి బాప్తిస్మం తీసుకుంది. తీసుకున్న మర్నాడు కూడా ఊరి బావి దగ్గర వాళ్ళు నిలబడే చోటు మారలేదు. ఈ సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. ఎవరో గడి అలా గీశారు, గీసినవాళ్ళు వెళ్ళిపోయారు, గడి ఉండిపోయింది.

బళ్ళో వేసేటప్పుడు హెడ్మాస్టరు అడక్కుండానే హిందూ అని రాసుకున్నాడు, తండ్రి కాదనలేదు. అప్పటినుంచి ఆ మాట ఒక కాగితం మీంచి ఇంకో కాగితం మీదికి దానంతట అదే నడిచొచ్చింది. ఈ విషయంలో వరప్రసాద్ ఏనాడూ నోరు తెరిచి అబద్ధం ఆడలేదు. ఆ మాట ఆయన తనకు తాను అప్పుడప్పుడూ చెప్పుకుంటాడు.

మరి ఆయనకు విశ్వాసం ఉందా లేదా అంటే, ఎవరూ అడగలేదు, ఆయనా తేల్చుకోలేదు. చలికాలం పొద్దున కారు స్టార్టు కాకపోతే మాత్రం ప్రభువు పేరు నోట్లోకి వస్తుంది. ప్రతి ఆదివారం తల్లిని సాకేత్‌లో ఒక అద్దె హాల్లో జరిగే తెలుగువాళ్ళ కూడికకు తీసుకెళతాడు. కారు మాత్రం రెండు వీధుల అవతల ఆపుతాడు. హాలు ముందు పార్కింగ్ దొరకదని కారణం. ఆ రెండు వీధులూ ఆ ముసలామె మోకాళ్ళు పట్టుకుని నడుస్తుంది. దొరుకుతుందేమో చూడరా అని ఒక్కసారి కూడా అనలేదు.

ఆయన భయాన్ని పిరికితనం అని కొట్టిపారేయడానికీ లేదు. వేరే శాఖలో ఇదే కోటాలో చేరిన, ఆయనకు తెలిసిన ఒకాయన పెళ్ళి శుభలేఖను ఎవరో గిట్టనివాడు జిరాక్సు తీసి పైవాళ్ళకు పంపాడు. అందులో చర్చి పేరుంది. విచారణ మూడేళ్ళు సాగింది. కొలువు పోలేదు గాని, ఆ మూడేళ్ళూ ఆయన లంచ్ డబ్బా దగ్గర పక్కన కూర్చున్నవాడు లేడు. వరప్రసాద్ కూడా కూర్చోలేదు. పైగా ఇప్పుడు కూతురు తేజశ్రీ సివిల్స్ మెయిన్స్ గట్టెక్కింది. ఇంటర్వ్యూ ఇంకా నెల కూడా లేదు. పొద్దున లేస్తే కటవారియా సరాయ్‌లో ఏదో రీడింగ్ రూముకు పోయి సాయంత్రానికి గాని రాదు. ఆ పిల్ల పెట్టిన ప్రతి దరఖాస్తుకూ వెనక ఉన్నది ఆ సర్టిఫికెట్టే. తన కొలువు పోతే పోయింది, పిల్ల సంగతేమిటన్నది ఆయనకు నిద్రలో కూడా వదలని దిగులు.

ఆయన తల్లి పేరు హనుమాయమ్మ. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడు పుట్టింది. భర్త పోయాక, పదేళ్ళ కింద ఢిల్లీ వచ్చి కొడుకు దగ్గర ఉంటోంది. హిందీ రాదు. కూరగాయల భయ్యాతో తెలుగులోనే బేరమాడి నెగ్గుకొస్తుంది. ఇంట్లో ఏ విషయంలోనూ జోక్యం చేసుకోదు, ఒక్క నీళ్ళ విషయంలో తప్ప. చిన్నప్పుడు ఊరి బావి గట్టు కింద కుండ పెట్టుకుని, పైనుంచి ఎవరికైనా బుద్ధి పుట్టి పోసేదాకా నిలబడ్డ మనిషి. కొన్నిసార్లు పూటంతా నిలబడాల్సి వచ్చేదట. అందుకని కుళాయి చుక్క చుక్కగా కారుతుంటే ఆమెకు కూర్చోబుద్ధి కాదు. మనవరాలు పళ్ళు తోముకుంటూ కుళాయి వదిలేస్తే వెనకాలే వచ్చి కట్టేసి పోతుంది. కోడలు ఇంద్రాణి పెద్దాసుపత్రిలో నర్సు. ఎవరికీ జడవని ఇంద్రాణి కూడా అంట్లు తోమేటప్పుడు అత్తగారి అడుగుల చప్పుడు వింటే కుళాయి సన్నం చేస్తుంది.

ఆ ఫిబ్రవరిలో జనాభా లెక్కలు వచ్చాయి. ఎవరి వివరాలు వాళ్ళే ఫోనులో నింపుకోవచ్చు, నింపితే ఒక నంబరు వస్తుంది, లెక్కలు రాసే మనిషి వచ్చినప్పుడు ఆ నంబరు చూపిస్తే సరిపోతుంది అని ఆఫీసులో అనుకుంటుంటే విని వరప్రసాద్ ప్రాణం లేచొచ్చింది. శుక్రవారం లంచ్ టైములో పార్కింగులో కారులో కూర్చుని పది నిమిషాల్లో నలుగురివీ నింపేశాడు. మతం దగ్గర నాలుగుసార్లు ఒకే చోట వేలు నొక్కాడు. నంబరు వచ్చింది. దాన్ని ఫోటో తీసి, కాగితం మీద కూడా రాసి పర్సులో పెట్టుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం బాల్కనీలో ఎండకు కూర్చుని బఠాణీలు ఒలుస్తూ హనుమాయమ్మ లెక్కల మనిషి ఎప్పుడొస్తాడని అడిగింది. రావడం ఉత్తుత్తికేననీ, అంతా తను నింపేశాననీ చెప్పాడు.

"నాది కూడానా?"

అందరిదీ అన్నాడు. ఏం రాశావని అడిగితే, ఎప్పుడూ ఉన్నదే అన్నాడు. ఆమె ఇంకో నాలుగు కాయలు ఒలిచింది. తరవాత లెక్కపెట్టి చెప్పింది. పుట్టాక ఇప్పటికి ఏడు లెక్కలు జరిగాయట. ఒకసారి తండ్రి చెప్పాడు, ఇంకోసారి మామగారు చెప్పాడు, మరోసారి భర్త చెప్పాడు. మిగతా అన్నిసార్లూ ఊరి బడి పంతులు పల్లె మొదట్లో చింతచెట్టు కింద నిలబడి, మీదంతా ఒకటేగా అని తనే రాసుకుని పోయాడు. ఏడుసార్లు లెక్కకు వచ్చింది గాని, ఒక్కసారి కూడా ఆమెను అడిగినవాడు లేడు. ఈసారి అడిగితే చెప్పాలని ఉందంది.

వరప్రసాద్ నచ్చజెప్పడానికి చూశాడు. పిల్ల ఇంటర్వ్యూ గుర్తుచేశాడు. అసలు పేరులోనే హనుమంతుడుంటే ఎవరు నమ్ముతారని నవ్వించబోయాడు. ఆ పేరు కూడా తనది కాదంది ఆమె. తల్లి కూలికి పోయే ఆసామి ఇంటి ఆవిడ పెట్టిందట, పెట్టేటప్పుడు ఈ పిల్లనేం అడుగుతుంది? కూడికలో ఆమెను మార్తమ్మ అంటారు, అది మాత్రం తను ఒప్పుకుని తీసుకున్న పేరు. "ఆ ప్రభువుని కన్నతల్లి నిండు చూలాలై కూడా అంత దూరం పోయింది ఎందుకురా? లెక్కల్లో రాయించుకోటానికేగా. నేను లోపలి గదిలోంచి హాల్లోకి రాలేనా?" అంది. గిన్నె తీసుకుని లేస్తూ ఆమె ఇంకో మాట కూడా అంది. "ఆ లెక్కల్లో నీ వరస నీది, నా వరస నాది. నీదాని జోలికి నేను రాను."

ఆదివారం పొద్దున లెక్కల మనిషి వస్తాడని క్వార్టర్లలో కబురందింది కాబట్టి ఆ వారం కూడికకు వెళ్ళలేదు. ఇంద్రాణి డ్యూటీకి, తేజశ్రీ రీడింగ్ రూముకు వెళ్ళిపోయారు. నీళ్ళు తొమ్మిదిన్నరకు ఆగిపోతాయి కాబట్టి వరప్రసాద్ ఏడింటికే వంటింట్లో బకెట్లన్నీ నింపి మూతలు పెట్టాడు. లెక్కల మనిషిని గుమ్మంలోనే నంబరు చూపించి పంపేయాలని, చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు. హనుమాయమ్మ కూడా తయారుగానే ఉంది. గంజి పెట్టిన తెల్లచీర కట్టుకుని ఎనిమిదింటినుంచీ హాల్లో కుర్చీలో కూర్చుంది.

తొమ్మిది దాటాక గంట మోగింది. తలుపు తీస్తే భీమశంకరం మాస్టారు. తెలుగు బళ్ళో లెక్కలు చెప్పే మనిషి, తేజశ్రీకి పదో తరగతి దాకా చెప్పింది ఆయనే. ఉగాదికి తెలుగువాళ్ళంతా కలిసినచోట పంచాంగం చదివేదీ ఆయనే. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో జనాభా లెక్కల గుర్తింపు కార్డు, చేతిలో ఫోను. వరప్రసాద్ అలవాటు కొద్దీ లోపలి గది వైపు చూశాడు. ఇంద్రాణీ, తేజశ్రీ ఇంట్లో లేరు, తల్లి కుర్చీలోంచి కదల్లేదు, తలుపు బార్లా తెరిచి ఉంది.

గుమ్మంలోనే నంబరు చూపించాడు. మాస్టారు దాన్ని ఫోనులో కొట్టి, చూసి, బానే ఉందన్నాడు. అని లోపలికొచ్చి కూర్చున్నాడు. నంబరు ఇచ్చాక ఇంకేముంటుందండీ అని వరప్రసాద్ అంటే, మాస్టారు కళ్ళజోడు తుడుచుకుంటూ, ఓటరు రాకుండా సిరా ఎవరి వేలికి పూయమంటారు అన్నాడు. ఇంట్లో ఉన్నవాళ్ళకు వాళ్ళ వరస చదివి వినిపించి గాని ముగించడట. ఇది ఎక్కడా రాసిలేదు, ఆయన పద్ధతి. మూడు జనాభా లెక్కలూ, లెక్కలేనన్ని ఎన్నికలూ అలాగే చేశాడట. లేనివాళ్ళ తరపున ఇంటి యజమాని చెబితే చాలన్నాడు.

"పెద్దవాళ్ళతో మొదలుపెడదాం" అని హనుమాయమ్మ వైపు తిరిగాడు.

పేరు చదివాడు, ఆమె తలూపింది. వయసు చదివాడు, తలూపింది. మాతృభాష తెలుగు అంటే, మరింకేం భాష అన్నట్టు చూసింది. ఆ తరవాతి గడి దగ్గర మాస్టారు ఆగాడు. ఆయన కూర్చున్న చోటునుంచి లోపలి గది, మంచం, మంచానికి పైన గోడ కనిపిస్తాయి. అటు చూశాడు, ఫోను చూశాడు. మాస్టారు చూశాడన్న సంగతి వరప్రసాద్ చూశాడు. అప్పటిదాకా చదువుతూ వచ్చిన మనిషి ఆ గడిని మాత్రం చదవలేదు.

"మతం ఏమిటమ్మా?" అని అడిగాడు.

హనుమాయమ్మ కుర్చీలో ముందుకు జరిగింది. "క్రైస్తవురాల్ని మాస్టారూ. అట్టాగే రాయండి."

వరప్రసాద్ లేచి నిలబడ్డాడు. పెద్దావిడ, ఏదో అంటుంది, మీరు అందులో ఉన్నది ఉంచేయండి అన్నాడు. మాస్టారు ఆయన వైపు చూడకుండానే, అమ్మగారికి చక్కగా వినపడుతోంది, అర్థమూ అవుతోంది అన్నాడు. ఈ వరసలు ఎవరికీ చూపించేవి కావనీ, తను ఆ మేరకు ప్రమాణం చేసి వచ్చాననీ చెప్పాడు. వరప్రసాద్ కూర్చున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఎవరికీ చూపించకూడని ఫైళ్ళు ఎన్ని బల్లలు తిరుగుతాయో చూస్తున్నవాడికి ఆ మాట ఎంత ధైర్యమిస్తుంది? ఒకే తలుపు నంబరు కింద తల్లి ఒకటి, కొడుకు ఇంకొకటి. చదివేవాడికి తెలివి ఉండక్కర్లేదు, కళ్ళుంటే చాలు.

మాస్టారు ఫోను నొక్కి ఒక్క క్షణం చూసి, ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఒకటి చెప్పాలి. ఇది నొక్కితే షెడ్యూల్డు కులం అన్న గడి మూసుకుపోతోంది. రెండూ రాయడానికి లేదు."

"అంటే నేను ఆ పల్లెలో పుట్టలేదనా?"

"ఆ గడి పెట్టింది నేను కాదమ్మా."

ఆమె కుడిచేతిని ఎడమచేత్తో రాసుకుంటూ కూర్చుంది. వరప్రసాద్‌కు కొంచెం ఆశ పుట్టింది, ఆ ఆశకు సిగ్గూ వేసింది.

"మూసుకోనీయండి" అంది ఆఖరికి. "ఆ పల్లె సంగతి నేను రాయించకపోయినా ఎవరూ మర్చిపోరు. ఇది నేను చెప్పకపోతే ఎవరికీ తెలవదు."

మాస్టారు రాశాడు. రాసి, ఆమెకు కనిపించేలా ఫోను ముందుకు చాచి చూపించాడు. హనుమాయమ్మ అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. పదం పూర్తయ్యాక పెదవులు బిగించి తల ఆడించింది. ఆమె ముఖంలో అంత తృప్తి వరప్రసాద్ చాలా ఏళ్ళ తరవాత చూశాడు. చూసి సంతోషించాల్సింది, కానీ ఆ క్షణంలో ఆయనకు భయం తప్ప ఇంకేమీ తెలియలేదు.

"ఇప్పుడు మీది ప్రసాద్ గారూ." పేరు చదివాడు, వయసు చదివాడు, చదువు చదివాడు. మళ్ళీ అదే గడి దగ్గరకు వచ్చాడు. ఒకరిని అడిగి ఇంకొకరికి చదివి వినిపించడం లెక్కల మాస్టారికి చేతకాదు. "మతం ఏమిటండీ?"

సంతకాలు చాలా పెట్టాడు గాని, ఆ ప్రశ్నకు ఎదురుగా కూర్చున్న మనిషి ముఖం చూస్తూ జవాబు చెప్పాల్సి రావడం వరప్రసాద్‌కు అదే మొదటిసారి. అందులో, మూడడుగుల దూరంలో తల్లి కూర్చుని ఉంది. పర్సులోంచి నంబరు కాగితం తీసి, మళ్ళీ మడిచాడు. తేజశ్రీ గుర్తొచ్చింది. ఇంటర్వ్యూకని కొత్తగా కుట్టించుకున్న బ్లౌజు గుర్తొచ్చింది.

హనుమాయమ్మ కుర్చీ చేతులు పట్టుకుని లేచింది.

"మీరు కానీయండి మాస్టారూ. నీళ్ళు పోయే టైమయింది, నేను బకెట్టు పట్టుకోవాలి" అంది. కొడుకు వైపు చూడకుండా వంటింట్లోకి వెళ్ళింది. బకెట్లన్నీ నిండే ఉన్నాయి. ఏడింటికి ఆయన నింపుతుంటే మూతలు అందించింది ఆమే.

కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. సన్నగా కాదు, పూర్తిగా తిప్పింది. నీళ్ళు నిండు బకెట్లో పడి, అంచు దాటి బండల మీద పడుతున్న చప్పుడు హాలంతా నిండింది.

"హిందూ" అన్నాడు వరప్రసాద్.

మాస్టారు రాసుకున్నాడు. ఇంట్లో లేరు కాబట్టి ఇంద్రాణి సంగతి కూడా ఆయన్నే అడిగాడు. హిందూ అన్నాడు. తేజశ్రీ సంగతి అడిగాడు. హిందూ అన్నాడు. చిన్నప్పుడు సండే స్కూల్లో చెప్పిన, ప్రభువు ఎవరో ఎరగనని మూడుసార్లు బొంకిన శిష్యుడి కథ గుర్తుకు రాబోయింది, రానివ్వలేదు. మూడుసార్లూ తన గొంతు తనకే సరిగా వినపడలేదు, అంత చప్పుడుగా పడుతున్నాయి నీళ్ళు. మాస్టారికి మాత్రం వినపడినట్టే ఉంది. ఆయన ముఖంలో మెప్పూ లేదు, నిందా లేదు. పని పూర్తయిందని చెప్పి, పాపకు ఇంటర్వ్యూ బాగా జరగాలని నిజంగానే దీవించి, చెప్పులేసుకుని ఎదురింటి గంట నొక్కాడు.

వరప్రసాద్ తలుపు వేసి వంటింట్లోకి వెళ్ళాడు. బకెట్టు పొర్లిపోతోంది. నీళ్ళు గట్టు మీంచి కారి, బండల మీద పారి, మూల తూములోకి పోతున్నాయి. హనుమాయమ్మ గంజిచీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు అంటుకున్నాయి. కుళాయి మీద చెయ్యి వేసి, గోడ వైపు తిరిగి నిలబడి ఉంది. ఆ ఇంట్లో పదేళ్ళలో ఆమె అన్ని నీళ్ళు వృథాగా పోనివ్వడం ఆయన చూడలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. చెయ్యి చాచి కుళాయి కట్టేయబోతే ఆమె కదలనివ్వలేదు.

"అయిందా?" అంది, తల తిప్పకుండా.

"అయిందమ్మా."

అప్పుడు హనుమాయమ్మ కుళాయి కట్టేసింది.